రికార్డు రెండవవైపు

గ్రామఫోను రికార్డుకు రెండు ముఖాలుంటవి. అంగడికి పోయి కొనేవాడు మొదటి ముఖం మీది పాట కోసమే డబ్బిస్తాడు. రెండవ ముఖం మీది పాటను చాలామంది ఒకటి రెండు సార్లు వినీ వినక వదలివేస్తారు. రేడియోవారు సాధారణంగా దాని జోలికే పోరు. అయినా ఒక కళాకారుని భవిష్యత్తు ఒక్కొక్కప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ రెండవవైపుననే రూపుదిద్దుకుంటుంది. 1970లలో ఇంగ్లండును ఉర్రూతలూగించిన 'స్వీట్' అనే సంగీత బృందం కథ ఇందుకు చక్కని తార్కాణం.

ఆ దశాబ్దపు తొలి సంవత్సరాలలో బ్రిటనులో 'గ్లామ్ రాక్' అనే ఫణితి బయలుదేరినది. తళతళలాడే దుస్తులు, ఎత్తు మడమల బూట్లు, మగవారి ముఖాలకే రంగులు, మెరుపు పొడులు. పాటలో మాత్రం కాలు కదిలించే గట్టి డ్రమ్ము దెబ్బ, విన్నంతనే నోటికి పట్టే పల్లవి. ఈ ఫణితికి పేరుమోసిన బృందాలలో 1968లో లండనులో పుట్టిన 'స్వీట్' ఒకటి. గాయకుడు బ్రయన్ కొనొలీ, బాస్ గిటారు వాయించే స్టీవ్ ప్రీస్ట్, డ్రమ్స్ వాయించే మిక్ టక్కర్, 1970లో వచ్చి చేరిన గిటారు వాద్యకారుడు ఆండీ స్కాట్ - ఈ నలుగురే ఆ బృందం.

వీరి కీర్తికి పునాది వేసిన పాటలు వీరివి కావు. నికీ చిన్, మైక్ చాప్‌మన్ అనే జంట రచయితలు వ్రాసి ఇవ్వగా వీరు పాడినారు. 1971 నాటి తొలి పాటలలో కొన్నింటికి వాద్యం సైతం స్టూడియో విద్వాంసులదే. నలుగురి పాలికి మిగిలినది గొంతు మాత్రమే. 1973లో 'బ్లాక్ బస్టర్' అనే పాట బ్రిటిష్ జనాదరణ పట్టికలో ఐదు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచినది. ఆ వెంట వచ్చిన మూడు పాటలూ రెండవ స్థానానికి చేరినవి. వానిలో 'ది బాల్‌రూమ్ బ్లిట్జ్' పుట్టిన విధం గమనింపదగినది. స్కాట్లండులోని కిల్మార్నక్ పట్టణంలో జరిగిన ఒక కచేరీలో ప్రేక్షకులు సీసాలు విసరి ఈ బృందాన్ని వేదిక దిగేటట్లు చేసినారు. ఆ అనుభవం నుంచే రచయితలు పాట అల్లినారు. పాట మొదట్లో గాయకుడు తన సహచరులను పేరు పేరునా పిలుస్తాడు. దెబ్బలు తిన్నవారు వీరు, పాటలో వినబడే పేర్లు వీరివి. పాట మాత్రం వేరొకరిది! ఇంతకు మించిన చిత్రమైన దాస్యం ఉండదని ఎవరికైనా తోచవచ్చును.

అయితే అది పూర్తిగా దాస్యం కాదు. రికార్డు రెండవవైపు వీరి చేతిలో ఉండేది. 'బ్లాక్ బస్టర్' వెనుకవైపున ఉన్న 'నీడ్ ఎ లాట్ ఆఫ్ లవిన్' బృందం స్వయంగా కూర్చుకున్నదే. ముందువైపు పాట బాలబాలికలను గంతులు వేయిస్తూ ఉండగా, వెనుకవైపున వీరు గిటారుల హోరుతో బరువైన రాక్ సంగీతాన్ని సాధన చేసుకుంటూ వచ్చినారు. ఎవరూ అడగని పాటలు గనుక వానిలో తప్పటడుగులు వేసినా తప్పు పట్టేవారు లేరు. ఈ స్వేచ్ఛ చిన్నదే కావచ్చును. కాని అది లేకపోతే తరువాతి కథ లేదు.

1974లో వచ్చిన 'స్వీట్ ఫానీ ఆడమ్స్' అనే ఆల్బములో అధిక భాగం బృందం సొంత రచనలే. అదే సంవత్సరం జంట రచయితల పాటలకు ఆదరణ సన్నగిల్లినది. 'ది సిక్స్ టీన్స్' తొమ్మిదవ స్థానంతో ఆగినది. 'టర్న్ ఇట్ డౌన్' నలభై ఒకటవ స్థానం దాటలేదు. అప్పుడు ఆ నలుగురు తమ 'డెసొలేషన్ బూల్వార్డ్' ఆల్బములోని ఒక సొంత పాటను తీసి, తామే తిరిగి ధ్వనిముద్రణ చేసి, 1975లో విడుదల చేసినారు. దాని పేరు 'ఫాక్స్ ఆన్ ది రన్'. అది బ్రిటనులో రెండవ స్థానానికి, అమెరికాలో ఐదవ స్థానానికి చేరినది. ఇతరులు వ్రాసినది పాడేవారు తప్ప మరేమీ కారన్న మాట ఆ ఒక్క రికార్డుతో వీగిపోయినది.

ఇక్కడనే ఒక వాదం పుడుతుంది. గురువుల సంకెళ్లు తెంచుకోగానే ప్రతిభ వికసించినదని కొందరంటారు. విజయం తెచ్చిన బాటను విడిచి తమ శ్రోతలకు ద్రోహం చేసినారని మరికొందరంటారు. ఈ రెండు మాటలకూ ఆ పాటే సమాధానం చెబుతున్నది. ఆల్బములోని తొలి రూపానికి, విడిగా వచ్చిన రెండవ రూపానికి భేదం చూడవలసి ఉన్నది. మొదటిది మొరటుగా, బరువుగా సాగుతుంది. రెండవదానికి సింథసైజరు అనే యంత్రవాద్యంతో ఆకట్టుకునే ఎత్తుగడ అమర్చినారు. పల్లవిని ముందుకు తెచ్చి, గొంతుల మేళవింపుకు మెరుగుపెట్టినారు. ఈ పనితనం ఎక్కడిది? మూడున్నర నిమిషాలలో శ్రోతను పట్టి నిలిపే విద్య వారికి చిన్, చాప్‌మన్‌ల పాటలు పాడి పాడి అబ్బినదే గదా! భావం తమది, కొలత గురువులది. తిరుగుబాటు అనిపించిన దానిలోనే శిష్యరికం ఫలించినది.

స్వేచ్ఛకు మూల్యం లేదని కూడా చెప్పరాదు. మరుసటి సొంత పాట 'యాక్షన్' అదే సంవత్సరం బ్రిటనులో పదిహేనవ స్థానంతో సరిపెట్టుకున్నది. 1976లో ఆదరణ మరింత తగ్గినది. 1978లో బృందం మళ్లీ దారి మార్చి, 'లవ్ ఈజ్ లైక్ ఆక్సిజన్' అనే పాటతో బ్రిటనులోను, అమెరికాలోను మొదటి పదింటిలో నిలిచినది. మెరుపు దుస్తుల నాటి చిందులకు, ఆల్బములో ఏడు నిమిషాల దాకా విస్తరించిన ఈ పాటకు పోలిక వెదకినా దొరకదు. కాని అంతటి స్థానం వారికి దక్కినది అదే చివరిసారి. 1979లో కొనొలీ బృందాన్ని విడిచినాడు. గురువుల నీడలోనే ఉండిపోతే మరి నాలుగు పాటలు పైకి వచ్చి ఉండేవేమో. అయితే ఆ నీడలోనే 1974లో పాటలు జారిపోయినవన్న సంగతి మరువరాదు. పాత పద్ధతి కూడా శాశ్వతమైన కోట కాదు.

కనుక కళాకారుడు దారి మార్చినప్పుడు అడుగవలసిన ప్రశ్న 'ఎందుకు మార్చినాడు?' అన్నది కాదు. నేర్చిన దానిలో ఏది నిలుపుకున్నాడు, తనదైనది ఏది చేర్చినాడు అన్నది. ఈ ప్రశ్న సంగీతానికే పరిమితం కాదు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు చెప్పిన నమూనా వ్యాసాన్ని విద్యార్థి అప్పగిస్తాడు. పరీక్షలో మార్కులు వస్తవి. అదే మొదటి ముఖం. దానిని తీసిపారవేయడం తెలివి కాదు. వాక్యం కట్టడం వాడు అక్కడనే నేర్చుకుంటాడు. కాని నోటు పుస్తకం చివరి పుటలలో, ఎవరూ అడగకపోయినా, వాడు నాలుగు ముక్కలు సొంతంగా వ్రాసుకుంటాడు. దానిని చూచి 'ఇది పాఠంలో లేదే' అని గద్దించే ఉపాధ్యాయుడు రికార్డు రెండవవైపును గీకి పాడుచేసినవాడవుతాడు. చూచీ చూడనట్లు ఊరుకున్నవాడు కొంత మేలు చేసినవాడు. కూర్చుండి చదివి, కొలత ఎక్కడ తప్పినదో చెప్పినవాడే నిజంగా చదువు చెప్పినవాడు.