కారం తినని గుంటూరువాడు

నేను కారం తినను. పుట్టిందీ పెరిగిందీ గుంటూరు జిల్లా నల్లరేగడిలో, పత్తి చేలకూ మిరప తోటలకూ నడుమ ఉన్న ఒక పల్లెలో.

ఈ రెండు మాటలూ పక్కపక్కన చెబితే విన్నవారు ముందు నవ్వుతారు. తరువాత నమ్మరు. ఆ పిమ్మట కొంచెం కోపగించుకొంటారు. నవ్వుకూ అపనమ్మకానికీ నాకు ఏనాడో అలవాటయింది. ఆ కోపమెందుకో మాత్రం అరవై ఏళ్ళు దాటినా బోధపడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. నేను చప్పిడి మనిషిని కాను. మిరియాల చారు ఘాటుగా ఉండాలి నాకు. అల్లం, శొంఠి, ఆవపిండి అన్నీ ఇష్టమే. పడనిది మిరపకాయ ఒక్కటే. పచ్చిదైనా, పండుదైనా, ఎండుదైనా, చల్లలో ఊరవేసినదైనా సరే. మా అమ్మ తాలింపు వేయకముందే నా వంతు పప్పు ఒక గిన్నెలోకి తీసి, మిరియపు పొడి చల్లి పక్కన పెట్టేది. ఇంకో చిత్రం చెప్పనా? మాఘ ఫాల్గుణాలలో కల్లాలలో ఎఱ్ఱగా పరచిన కాయల వాసన నాకు ప్రాణం. తుమ్ములు వస్తున్నా అక్కడే తిరుగుతాను. కన్నుకూ ముక్కుకూ నచ్చినది నాలుకకు నచ్చలేదు, అంతే.

మా నాన్నగారు మిరప రైతు. నా చదువుకు డబ్బు వచ్చింది బస్తాలు గుంటూరు యార్డుకు వెళ్ళినందువల్లనే. కనుక బంధువుల నోట నేను తరచుగా విన్న మాట, "అన్నం పెట్టిన పంటను కాదంటావా?" అని. నేను పంటను కాదనలేదు. పత్తి పండించినవాడు పత్తి తినడు గదా అని ఒకసారి ఎదురు చెప్పాను. అందరూ నవ్వారు గాని, విస్తరిలో కొరివికారం మాత్రం ఆగలేదు.

ఉద్యోగంలో చేరాక ఒక ఉపాయం దొరికింది. ఉపాధ్యాయుల గదిలో కారియర్లు విప్పినప్పుడు ఎవరో "మాస్టారూ, ఒక్క ముద్ద రుచి చూడండి" అన్నారు. "కడుపులో పుండు, వైద్యుడు వద్దన్నాడు" అన్నాను. అంతే! అందరి ముఖాలలోనూ జాలి. ఒకాయన తన పెరుగన్నం నా వైపు జరిపాడు. ఆనాడు తెలిసింది నాకు, రోగమంటే లోకం క్షమిస్తుంది గాని రుచి అంటే క్షమించదని. ఆ అబద్ధాన్ని నలభై ఏళ్ళు మోశాను.

దాని వెల చెల్లించింది మా అత్తగారు. పెళ్ళయిన కొత్తలో ఆమెకూ ఆ మాటే చెప్పాను. ఒక శివరాత్రికి ఆమె కోటప్పకొండ మెట్లన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెడుతూ ఎక్కి వచ్చారు. ప్రసాదం నా చేతిలో పెట్టి, "మీ కడుపు నిమ్మళించాలని మొక్కుకొన్నాను నాయనా" అన్నారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. లేని జబ్బుకు ఆ మొక్కు. ఆనాడే నిజం చెప్పి ఉండవలసింది. నోరు రాలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చెప్పినా వినవలసినవారు లేరు.

అసలు మిరపకాయ మన నేలకు ఎంత పాతదో చూద్దాం. అది అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబసు అటు వెళ్ళేవరకు మన ప్రాచ్య ప్రపంచానికి దాని ఊసే లేదు. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన పిమ్మట, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో అది మన దేశానికి వచ్చింది. వారు వచ్చింది మన మిరియాల కోసం, ఇచ్చి వెళ్ళింది మిరపకాయను!

అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱాప్రగడ 14వ శతాబ్దివాడు. కొండవీటిలో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు 15వ శతాబ్దివాడు. ఇద్దరూ మిరపకాయను కంట చూడనివారే. పల్నాటి జొన్నకూటి మీద విసుక్కొన్న చాటువులు శ్రీనాథుని పేర ఉన్నాయి. కొరివికారం మీద విసుక్కొనే అవకాశం ఆయనకు రాలేదు. ఆయుర్వేదంలోని త్రికటువు అంటే శొంఠి, పిప్పలి, మిరియాలు. అందులోనూ మిరపకు చోటు లేదు. భాష కూడా ఈ సంగతి దాచలేదు. తమిళులకు మిరియం మిళగు, మిరప మిళగాయ్. కన్నడిగులకు మిరియం మెణసు, మిరప మెణసినకాయి. మన మిరపకాయలోనూ మిరియపు పోలికే వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన కాయకు పాత దినుసు పేరు అరువిచ్చాం. కనుక నా విస్తరి వింతది కాదు, పాతది.

విజ్ఞానశాస్త్రం మరో మాట చెబుతున్నది. మిరపలోని కాప్సైసిన్ తాకేది రుచి మొగ్గలను కాదు, వేడిని, మంటను పసిగట్టే నాడీ గ్రాహకాన్ని. దానిని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయన నోబెల్ బహుమతి పంచుకొన్నది ఈ పరిశోధనలకే. పక్షులకు ఆ మంట తెలియదు. అందుకే రామచిలుక పండు మిరపకాయను జామపండు తిన్నట్లు తింటుంది. అంటే మనం కారపు రుచి అనుకొనేది అలవాటుతో ప్రియమైన ఒక మంట. తినేవారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అలవాటు కానివాడు ద్రోహి కాడని మాత్రమే నా మనవి.

లోకంలో రుచులు వేరువేరని పిల్లలకు పాఠాలు చెబుతాం. మన విస్తళ్ళ దగ్గర మాత్రం ఒకే రుచి ఉండాలంటాం. వేరు రుచి ఉన్నవాడు జబ్బుమనిషి వేషం వేస్తే గాని పంక్తిలో చోటు ఇవ్వం. మిరపకాయ చిన్న విషయం. కాని ఎవరూ చదవని పుస్తకం చదివేవాడికీ, ఎవరూ వినని పాట వినేవాడికీ, పెళ్ళి సందడిలో ఒంటరిగా కూర్చోవడం ఇష్టమైన పిల్లకూ ఇదే గతి. "నాకు ఇష్టం లేదు" అనే మాటను కారణంగా ఒప్పుకొనే మర్యాద మనం ఇంకా నేర్చుకోలేదు.

ఈ మధ్య ఒక పెళ్ళి పంక్తిలో కుర్రవాడొకడు గోంగూర పచ్చడి తెచ్చి, "వేయమంటారా తాతగారూ?" అని అడిగాడు. పుండు మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకొని, "వద్దు నాయనా, నాకు మిరపకాయ ఇష్టం ఉండదు" అన్నాను. వాడు "సరే" అని పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. పెద్ద విశేషమేమీ జరగలేదు. ఆ మాటే మా అత్తగారి ఎదుట అని ఉంటే ఆమె మోకాళ్ళకు అంత శ్రమ తప్పేది గదా అనుకొన్నాను.