ఒక్క ‘ఎ’లో ఉంది ఆశ!

ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చిన డాక్టరుగారు ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్’ అన్నారనుకోండి. ఆ మాటనే తమ్ముడు ఊళ్లో ఉన్న అక్కకి మెసేజ్ పెట్టాడు. తొందరలో ‘ఎ’ ఎగిరిపోయింది. అంతే, ఫోన్ చూసుకున్న అక్క ఘొల్లుమంది!

ఆమె తప్పేం లేదు. ‘ఎ లిటిల్ హోప్’ అంటే కొంచెం ఆశ ఉందని. ‘లిటిల్ హోప్’ అంటే దాదాపు లేదని. లెక్కపెట్టగలిగే వాటి దగ్గర ‘ఫ్యూ’దీ ఇదే వరస. ‘ఎ ఫ్యూ ఫ్రెండ్స్’ ఉన్నవాడికి నలుగురైనా తోడున్నట్టు. ‘ఫ్యూ ఫ్రెండ్స్’ అన్నవాడు ఒంటరివాడే. ఇంటర్వ్యూకెళ్లి ‘ఐ హావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్’ అంటే, అనుభవం లేదని మనంతట మనమే ఒప్పుకున్నట్టు! ఇంకో తమాషా... ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే కొన్ని కాదు, చాలానే!

మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ఎ’ని తేలిగ్గా వదిలేస్తాం. కానీ ఈ కిటుకు మనకి కొత్తేం కాదు. ‘డబ్బాలో పంచదార కొంచెం ఉంది’ అంటే టీ పెట్టుకోవచ్చు. ‘కొంచెమే ఉంది’ అంటే కొట్టుకెళ్లాలి. మనకి చివర్న ‘ఏ’ చేరితే ఉన్నది తగ్గిపోతుంది. వాళ్లకి ముందు ‘ఎ’ చేరితే లేనిది మిగులుతుంది!

ఇక వంటింట్లో... ‘పించ్’ అంటే చిటికెడు. ‘డ్యాష్’ అంటే సీసా వంచి ఒక్కసారి చిలకరించినంత. ‘డాలప్’ అంటే గరిటెలోంచి జారిన వెన్న ముద్దలాంటిది. ‘స్మిడ్జెన్’ అయితే పిసరంతే. వీటికీ కొలత చెంచాలు అమ్ముతున్నారు. వాటి లెక్కలో డ్యాష్ టీస్పూన్‌లో 8వ వంతు, పించ్ 16వ వంతు, స్మిడ్జెన్ 32వ వంతు. మన పాత లెక్కల్లో వీసం కూడా 16వ వంతే!

అందుకే ‘వీసమెత్తు కూడా లేదు’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘నాట్ యాన్ అయోటా’ అంటారు. అయోటా గ్రీకు అక్షరమాలలో అన్నిటికంటే చిన్న అక్షరం. ఏమీ లేదని చెప్పడానికి దాన్ని వాడుకుంటున్నారు. ‘ఎ’ కూడా చిన్నదే. కానీ కాస్తో కూస్తో ఉందని చెప్పేది అదే. ఈసారి మెసేజ్ పంపేముందు అది ఉందో లేదో ఓసారి చూసుకోండి!