‘మిస్టేక్’ అంటే చెల్లదు

మా పెద్దమ్మ కూతురికి చెయ్యి విరిగింది. విరగ్గొట్టింది ఆమె భర్త, మా బావ. తనకల్లులో పెద్దమ్మ వాళ్ళింటి వసారాలో నలుగురు పెద్దమనుషులు కూర్చున్న ఆ మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను.

“ఏదో మిస్టేక్ అయిపాయ.” “అప్పులుండాయి కదా, టెన్షన్‌లో ఉండాడు.” “కొంచిం మిస్‌బిహేవ్ చేసినాడు, కాదనం.” “పిల్లోళ్ళ కోసరమన్నా ఇద్దురూ అడ్జస్ట్ కావాల.”

గంటన్నర సాగిన ఆ పంచాయితీలో ‘కొట్టినాడు’ అనే మాట ఒక్కసారి కూడా వాళ్ళ నోట రాలేదు.

ఇంగ్లీషులో ‘ఇన్‌ఎక్స్‌క్యూజబుల్’, ‘అన్‌జస్టిఫయబుల్’, ‘ఇన్‌డిఫెన్సిబుల్’ అనే మాటలు కూడా ఉన్నాయి. కదిరి-మదనపల్లె రోడ్డు మీదుగా మా ఊరికి మిస్టేకూ, టెన్షనూ, అడ్జస్ట్‌మెంటూ వచ్చాయి గానీ ఇవి రాలేదు. ఎందుకని? మాటల్ని అరువు తెచ్చుకునేది అవసరం ఉన్నవాళ్ళు. పంచాయితీ చేసేవాళ్ళకు ఈ మూడు మాటలతో ఏం అవసరం?

ఈ మాటల మధ్య తేడా కూడా మనకు ముఖ్యమే. జె.ఎల్. ఆస్టిన్ అనే తత్వవేత్త 1956లో ‘ఎ ప్లీ ఫర్ ఎక్స్‌క్యూజెస్’ అన్న ఉపన్యాసంలో దీన్ని విడమరిచాడు. ‘చేశాను, చెయ్యడం సరైనదే’ అంటే జస్టిఫికేషన్. ‘చెయ్యడం తప్పే, కానీ తప్పంతా నాది కాదు’ అంటే ఎక్స్‌క్యూజ్. మన తెలుగులో ఒకటి సమర్థన, రెండోది సాకు. మా వసారాలో రెండూ పక్కపక్కనే నడిచాయి. బావకు సాకు దొరికింది: అప్పులు, టెన్షన్. అక్క దగ్గరికొచ్చేసరికి అది సమర్థన అయింది: “అత్తకు ఎదురు మాట్లాడె గదా!”

ఇక లెక్కల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 84 శాతం మంది స్త్రీలు, అడిగిన ఏడు కారణాల్లో కనీసం ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం ‘జస్టిఫైడ్’ అన్నారని తేలింది. చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటివి ఆ కారణాలు. ‘చూశారా, ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు’ అని ఎంతమంది సంబరపడ్డారో! ఆ అంకె అబద్ధమని నేననను. కానీ ఆ ఒక్క మాట వెనక ఎన్ని అర్థాలున్నాయో ఎవరడిగారు?

నేను మా అమ్మను అడిగాను. “కొడతారు మే. కొట్టరా?” అంది. అది న్యాయమేనా అన్నాను. “న్యాయమని యెవురు జెప్పిరి?” అంది కోపంగా. మొదటి జవాబు దగ్గరే ఆగిపోతే మా అమ్మ 84 శాతంలో ఉంటుంది. రెండో ప్రశ్న అడిగితేనే ఆమె మనసు తెలుస్తుంది.

చట్టం దగ్గరకు వెళ్దామా? భర్త, అత్తింటివాళ్ళు పెట్టే బాధల్ని 1983లోనే ‘క్రూరత్వం’ అని పేరుపెట్టి నేరం చేసింది. వీధుల్లో వేధింపుల్ని ‘ఈవ్ టీజింగ్’ అనొద్దని సుప్రీంకోర్టు కరదీపిక 2023లో చెప్పింది. సంతోషమే. కానీ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 63వ సెక్షన్ మినహాయింపు చూడండి. భార్యకు పద్దెనిమిదేళ్ళు నిండితే, భర్త ఆమెతో జరిపే లైంగిక చర్య అత్యాచారం కాదట! అక్కడ భర్త సాకు వెతుక్కోవలసిన పని కూడా లేదు. చట్టమే ఆ పని చేసిపెట్టింది.

తనకల్లు పెద్దమనుషుల్ని తిట్టి చేతులు దులుపుకోవడం మనకు తేలిక. మన సెమినార్ల సంగతేమిటి? విద్యార్థినుల భుజాల మీద చెయ్యి వేసే పెద్ద విమర్శకుణ్ణి మనం ఏమంటాం? ‘ఆయన కాస్త ప్రాబ్లమాటిక్’ అంటాం. ‘రచనను రచనగా చూడాలి’ అంటాం. నేనూ అన్నాను. ఏడుస్తూ నా గదికి వచ్చిన జూనియర్‌తో “ఆయనంతే, ప్రాబ్లమాటిక్, నువ్వే జాగ్రత్తగా ఉండు” అని చెప్పి పంపించాను. ‘మిస్టేక్ అయిపాయ’ అన్నదానికీ నా మాటకీ తేడా ఉందా? ఆయన పుస్తకానికి సమీక్ష కూడా రాశాను. ఆ అమ్మాయి చదువు మానేసింది.

ఆ రోజు పంచాయితీలో చివరికి అక్కను కూడా ఓ మాట చెప్పమన్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అక్క అంది: “మీరు యేం జెప్పినా అది చెల్లదు.”

ఇన్‌ఎక్స్‌క్యూజబుల్ అన్న మాటకు తెలుగు వెతుకుతూ నేను నిఘంటువులు తిరగేశాను. ‘అక్షమ్యం’ దొరికింది, ‘క్షమార్హం కానిది’ దొరికింది. రెండింటిలోనూ క్షమించాల్సిన బరువు బాధితురాలి మీదే పడుతుంది. అక్క మాటలో క్షమ ప్రసక్తే లేదు. నువ్వు తెచ్చిన కారణం చెల్లని రూపాయి, తీసుకుపో అంటుంది ఆ మాట.

మనం రాసే కథల్లో, సమీక్షల్లో, కమిటీ నివేదికల్లో ఆ మాట వాడదాం. నేను ముందుగా ఆ జూనియర్‌కు ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పింది చెల్లదని.