ఊ కొడతారా... కథలోకి దూకుతారా?

టీవీలో కార్టూన్ అయిపోతుంది. మాంత్రికుడు ఎప్పటిలాగే ఓడిపోతాడు. వీరుడు ఎప్పటిలాగే గెలుస్తాడు. చూస్తున్న బుడతడు మాత్రం ఊరుకోడు. 'నేనైతేనా... ఆ గుహలోకి వెళ్లేవాణ్నే కాదు. బయట నుంచే పొగబెట్టేవాణ్ని' అంటాడు. టీవీకి ఆ మాట వినిపించదు. వినిపించుకునే ఆట ఒకటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, రిమోటు అక్కర్లేదు. ఓ చాప, నాలుగు గవ్వలు, కథ చెప్పే నోరు ఉంటే చాలు!

కత్తులూ మంత్రాలూ మనకేం కొత్తకాదు. విఠలాచార్య సినిమాల్లో కాంతారావు కత్తి తిప్పితే ఈలలు వేసిన తాతయ్యలున్నారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ కోసం నెలంతా ఎదురుచూసిన నాయనమ్మలున్నారు. వాళ్ల తర్వాతి తరం దూరదర్శన్‌లో హీమ్యాన్‌ని చూసింది. ఇప్పటి పిల్లలకి ఛోటా భీమ్ ఉన్నాడు. 2008లో పోగో ఛానల్లో అడుగుపెట్టిన ఈ లడ్డూ వీరుడు మన హైదరాబాద్‌లోనే పుట్టాడు. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అతని పుట్టిల్లు. ఢోలక్‌పూర్ రాజ్యం, ఇంద్రవర్మ మహారాజు, కిర్మాడ లాంటి మాయావులు... ఇన్నేళ్లూ తెర మీద చూసిన ఆ లోకాన్నే చాప మీదకి దించితే?

ఆట నుంచి కార్టూన్... కార్టూన్ నుంచి ఆట

ఈ ఆటను అమెరికాలో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. 'ఇప్పుడేం చేస్తారు?' అని అడిగితే ఎవరి నిర్ణయం వాళ్లు చెప్పాలి. గెలుపోటముల్ని పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో తెచ్చిన 'డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి ఆద్యం. ఆ ఆటే 1983లో అదే పేరుతో కార్టూనైంది. రెండేళ్ల తర్వాత, 1985లో, హీమ్యాన్ కార్టూన్ లోకాన్ని ఫాసా అనే సంస్థ ఇలాంటి ఆటగా మార్చి అమ్మింది. అంటే దారి రెండువైపులా ఉందన్నమాట!

కార్టూన్‌ని ఆటగా మార్చాలంటే మొదట వచ్చే చిక్కు ఒకటే. అందరూ భీమ్‌నే కావాలంటారు! కార్టూన్‌కి ఒక్క వీరుడు చాలు. ఆటలో ఐదుగురు పిల్లలుంటే ఐదుగురికీ పని ఉండాలి. డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ కార్టూన్ దీనికి చక్కటి ఉపాయం చూపించింది. అందులో ఆరుగురు పిల్లలు ఓ జాతరలాంటి చోట రంగులరాట్నంలాంటి బండెక్కి మాయాలోకంలో పడతారు. ఒక్కొక్కరికి ఒక్కో వస్తువు దొరుకుతుంది. హ్యాంక్‌కి విల్లు, ఎరిక్‌కి డాలు, డయానాకి కర్ర, షీలాకి మాయం చేసే ముసుగు, చిన్నవాడు బాబీకి గద. ప్రెస్టోకి ఒక టోపీ. అందులో చెయ్యి పెడితే అడిగింది తప్ప ఏదైనా రావచ్చు! డాలున్నవాడు ఎవరినీ కొట్టలేడు, అందరినీ కాపాడగలడు. ఒక్కరే గెలవడం కుదరదు.

మన ఆటకీ అదే సూత్రం. ఈ కథలో భీమ్ ఊళ్లో లేడు. పక్క రాజ్యానికి కుస్తీ పోటీలకి వెళ్లాడు. మాంత్రికుడు వచ్చింది అప్పుడే! ఇక ఊరిని కాపాడాల్సింది మిగతావాళ్లే. ప్రతి పిల్లా పిల్లాడూ ఓ అట్టముక్క మీద రెండే రెండు మాటలు రాసుకోవాలి. ఒకటి తన బలం, రెండోది తన భయం. 'గోడలు ఎక్కగలను... చీకటంటే భయం'. అంతే, పాత్ర సిద్ధం.

గవ్వలు పలికితేనే గెలుపు

రెండో చిక్కు... కార్టూన్ వీరుడు ఓడిపోడు. ఓడిపోడని తెలిస్తే ఆటలో ఉత్సాహం ఉండదు. అందుకే పాచికలు. వాళ్లు ఇరవై ముఖాల పాచికలు వాడతారు. మనకి అష్టాచెమ్మా గవ్వలున్నాయి కదా! నాలుగు గవ్వలు వేయాలి. తేలిక పనికి రెండు వెల్లకిలా పడితే చాలు. కష్టమైన పనికి మూడు, అసాధ్యం అనిపించేదానికి నాలుగూ పడాలి. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, మొత్తం 16 రకాలుగా పడే వీలుంది. అందులో రెండో అంతకన్నా ఎక్కువో పడేవి 11. మూడో నాలుగో పడేవి 5. నాలుగూ పడేది ఒకే ఒక్కటి. గవ్వలు లేకపోతే ఓ వైపు అరగదీసిన చింతగింజలైనా సరే. లెక్కల మాస్టారు చెప్పని పాఠం ఇది!

లడ్డూకీ లెక్కుండాలి. కార్టూన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు తిని బలం తెచ్చుకోవచ్చు. ఆటలో కథకి అందరికీ కలిపి మూడే లడ్డూలు. ఒకటి తింటే గవ్వలు మళ్లీ వేసుకోవచ్చు. మొదట్లోనే తినేస్తే చివర్లో మాంత్రికుడి ముందు ఉత్త చేతులే. 'ఇప్పుడు తిందామా, దాచుకుందామా' అని పిల్లలు గుసగుసలాడుకుంటారు చూడండి... అసలు ఆట అదే. గవ్వలు పలకకపోతే ప్రాణం పోదు. వస్తువు పోతుంది, లేదా శత్రువుకి చిక్కుతారు. విడిపించుకోవడం ఇంకో కథ!

మన ఊరే మాయాలోకం

ఢోలక్‌పూర్ దాకా పోనక్కర్లేదు. జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కోట ఉంది. చుట్టూ అగడ్త ఉంది, బురుజుల మీద ఫిరంగులున్నాయి. మాంత్రికుడికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరుకుతుందా? ధర్మపురి దగ్గర గోదావరి దక్షిణానికి తిరుగుతుంది. నది దారి మార్చిందెవరో కనిపెట్టమంటే అదో కథ. సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. మాయం చేసే ముసుగు కోసం వేరే లోకాలు వెతకాలా? సాంచెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయిన రాత్రి ఏం జరిగిందన్న ప్రశ్నతో ఎన్ని కథలైనా మొదలుపెట్టొచ్చు.

ఆట ఇలా నడుస్తుంది. 'అగడ్త కాడికి వచ్చిండ్రు. వంతెన లేదు. బురుజు మీద కాపలావాడు కునుకు తీస్తుండు. ఏం జేస్తరు?' అని అమ్మ అడుగుతుంది. 'నేను ఈదుకుంట పోత' అంటాడు చిన్నోడు. 'నీకు ఈత రాదు కదరా' అని అక్క గుర్తుచేస్తుంది. 'అయితే నువ్వే పో అక్కా. నేను ఈడ కప్పలెక్క అరుస్త. వాడు ఇటు చూస్తడు'. అమ్మ నవ్వాపుకొని గవ్వలందిస్తుంది. ఇద్దరూ కొట్టుకోకుండా ఒక్క మాట మీదకి వచ్చారు... ఇంతకన్నా మాయ ఏం కావాలి!

ఈ ఊళ్లలో చాలామంది అమ్మల చేతులు ఖాళీగా ఉండవు. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. కట్టాల్సిన బీడీల లెక్క సాయంత్రానికల్లా పూర్తవ్వాలి. పిల్లల చేతికి ఫోనిచ్చి కూర్చోబెట్టడం తప్ప వేరే దారి కనిపించదు. ఈ ఆటకి చేతులతో పనిలేదు. బీడీలు చుడుతూనే కథ చెప్పొచ్చు.

మరి గల్ఫ్‌లో ఉన్న బాపు? ఏళ్ల తరబడి దూరంగా ఉంటే ఫోన్‌లో మాటలు తరిగిపోతాయి. 'తిన్నవా... మంచిగ చదువుతున్నవా' దగ్గరే ఆగిపోతాయి. పిల్లాడు 'ఆఁ' అని ఫోన్ అమ్మకిచ్చేస్తాడు. అదే బాపు మాంత్రికుడైతే? సౌదీలోనో కువైట్‌లోనో శుక్రవారం సెలవు. ఇక్కడ రాత్రి ఏడైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర. స్పీకర్ పెట్టి ఫోన్‌ని చాప మధ్యలో ఉంచితే చాలు. గొంతు మార్చి 'ఎవడ్రా నా కోటలకు వచ్చింది?' అని గర్జిస్తే, ఫోన్ లాక్కోవడానికి పిల్లలే పోటీపడతారు. వచ్చే శుక్రవారం కోసం వారమంతా పథకాలు వేస్తారు. చెప్పుకోవడానికి మాటలు పుడతాయి.

ముగింపు మరవద్దు

ఒకప్పుడు ఇలాంటి ఆటలు పిల్లల్ని చెడగొడతాయని అమెరికాలో తల్లిదండ్రులు హడలిపోయారు. 1980ల్లో పెద్ద గొడవే జరిగింది. తర్వాతి పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. అయినా రెండు జాగ్రత్తలు మంచివి. చిన్నపిల్లలు నిజంగా జడుసుకునే కథ వద్దు. కథ చెప్పే పెద్దలు తాము అనుకున్న దారికే పిల్లల్ని లాగొద్దు. పొగబెడతానంటే పెట్టనివ్వాలి. మాంత్రికుడితో సంధి చేసుకుంటానంటే అదీ కానివ్వాలి.

ఇంకో మాట. డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ కార్టూన్ 27 భాగాలతో 1985లో ఆగిపోయింది. ఆ ఆరుగురు పిల్లలూ ఇల్లు చేరారో లేదో తెర మీద చూపించనేలేదు. మైఖేల్ రీవ్స్ చివరి భాగం రాసినా కార్టూన్‌గా తీయలేదు. 2006లో డీవీడీలో మాటల రూపంలో వినిపించారంతే. చూసిన పిల్లలు పెద్దవాళ్లయినా ఆ వెలితి మరిచిపోలేదు. అందుకే ఎంత పొద్దుపోయినా, ఎన్ని శుక్రవారాలు పట్టినా, మొదలుపెట్టిన కథని ముగించాలి. కథలో పిల్లలు ఇల్లు చేరాలి.

గవ్వలు ఏ డబ్బాలో ఉన్నాయో వెతకండి. అన్నట్టు... మీ ఇంట్లో మాంత్రికుడెవరు?