ఆ పౌర్ణమికి చంద్రుడు దూరంగానే ఉన్నాడు

చంద్రుడు భూమికి దగ్గరగా ఉండే పౌర్ణమి వస్తోందంటే చాలు, ఇక్కడ అండమాన్‌లోని లంబాలైన్‌లో మన తెలుగిళ్ల ఫోన్లన్నిటికీ ఒకటే సందేశం: సూపర్‌మూన్, భూకంపం వస్తుంది, సునామీ వస్తుంది, జాగ్రత్త! సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 పౌర్ణమే కదా, ఇంకేం రుజువు కావాలి అంటారు. చదువుకున్నవాళ్లూ అదే మాట. ఇది తప్పు, పైగా ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

ఆ రోజు మార్గశిర పౌర్ణమి, నిజమే. కానీ ఉదయం 6.29కి సుమత్రా దగ్గర కడలి అడుగున నేల చీలినప్పుడు చంద్రుడు మనకు దగ్గర్లో లేడు. మరో రెండు రోజుల్లోపే తన దారిలో దూరపు కొసకు, 4,06,000 కిలోమీటర్ల అవతలికి, చేరబోతున్నాడు. దగ్గరైనప్పుడు ఆ దూరం 3,57,000 దాకా తగ్గుతుంది. అంటే, ఏ సునామీని రుజువుగా చూపుతున్నారో అదే వాళ్ల వాదనను కొట్టిపారేస్తోంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చి సునామీ పుట్టింది. అది పౌర్ణమీ కాదు, అమావాస్యా కాదు. 2011 మార్చి 11న భూకంపంతో, సునామీతో జపాన్ అల్లాడినప్పుడు చంద్రుడింకా సగమే. ఎనిమిది రోజుల తర్వాత రాబోయే సూపర్‌మూన్ మీద ఆ నేరం మోపారు.

తిథి వేరు, దూరం వేరు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.53 రోజులు, చంద్రుడు ఒకసారి దగ్గరికొచ్చి మళ్లీ దగ్గరికి రావడానికి 27.55 రోజులు. దేని లెక్కన అది నడుస్తూ రెండూ సుమారు 411 రోజులకోసారి కలుస్తాయి.

చంద్రుడి లాగుడు నేల మీద ఏమీ పనిచేయదని నేననను. చిన్నగా మొదలైన చీలిక పెద్దదయ్యే అవకాశం ఆ లాగుడు తెచ్చే ఒత్తిడి ఎక్కువున్నప్పుడు కొంత పెరగవచ్చని 2016లో టోక్యో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెప్పారు. అయితే భూకంపంలో విడుదలయ్యే ఒత్తిడితో పోలిస్తే అది వెయ్యో వంతు. దాన్ని పట్టుకుని తేదీ చెప్పడం ఎవరి తరమూ కాదు. నాలుగు శతాబ్దాల మహా భూకంపాలకు చంద్రకళలతో పొంతన ఉందా అని అమెరికా శాస్త్రవేత్త సూజన్ హఫ్ లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. ఆ పత్రానికి సారాంశం ఒక్కటే మాట: లేదు.

చంద్రుడి ప్రతాపమంతా సముద్రం మీద. దగ్గరి కొసన పోటు లేపే అతని బలం దూరపు కొసకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకే పోటు ఎక్కువ, పాటూ ఎక్కువ. జంగ్లీఘాట్‌లో వల వేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా 2004 భూకంపానికి పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల నేల మీటరు దాకా కుంగింది. సిప్పీఘాట్‌లో వరిమళ్లలోకి ఎక్కిన ఉప్పునీరు మళ్లీ పోలేదు. చెట్లు నిలువునా ఎండాయి, నాట్లు వేసిన చోట మడచెట్లు మొలిచాయి. దగ్గరి పౌర్ణమికి జాగ్రత్త పడాల్సింది ఇందుకు: పల్లపు రోడ్లు, మురుగుకాలువలు, తీరం పక్క బావులు. ఆ పోటు ఏ రోజు, ఏ గంటకో పోటుపాట్ల పట్టికలో ముందే అచ్చవుతుంది. దాన్ని పంచుకునేవాళ్లే లేరు.

పౌర్ణమి గడిచింది, గండం గడిచింది అని జనం నిశ్చింతగా ఉండిపోవడమే ఆ సందేశం చేసే అసలు చెరుపు. సునామీ హెచ్చరికలు 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తోంది. కానీ మన దగ్గరే కెరటం పుడితే దొరికే వ్యవధి చాలా తక్కువ. నేల గట్టిగా, చాలాసేపు ఊగితే అదే హెచ్చరిక. ఏ తిథైనా సరే, పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని మిట్టకు ఎక్కేయండి. ఆ సందేశం మాత్రం ఇంకెవరికీ పంపకండి.