బ్రౌజరు అప్‌డేటు ఆగిపోతే



కొత్తపట్నం చుట్టుపక్కల గ్రామాలలోనూ పిల్లల చదువు నిమిత్తము పాత కంప్యూటరు కొన్న కుటుంబాలున్నాయి. ఫలితాలు చూడాలన్నా, కాలేజీ సీటుకు దరఖాస్తు పెట్టాలన్నా అందులోని బ్రౌజరే తలుపు. ఆ బ్రౌజరు అప్‌డేటు కాక మొరాయిస్తే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. కంగారు వద్దు. కారణం చాలాసార్లు చిన్నదే.

అప్‌డేటు అంటే కొత్త హంగులు మాత్రమే కాదు. దొంగలు దూరే సందులను కంపెనీవారు కనిపెట్టి పూడ్చి పంపుతారు. గనుక దానిని వాయిదా వేయకూడదు.

మొదట తెర మూలనున్న తేదీ చూడండి. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కు పోతుంది. అప్పుడు బ్రౌజరు అసలైన సైటును కూడా నమ్మదు. తేదీ సరిచేయండి. మళ్లీ వెనక్కు పోతే బ్యాటరీ మార్పించండి.

రెండవది, సి డ్రైవులో ఖాళీ ఉన్నదా? ఫొటోలు, వీడియోలు పెన్‌డ్రైవులోకి మార్చి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. విండోస్ ఫోల్డరు జోలికి మాత్రం పోవద్దు.

మూడవది, క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరవండి. అప్‌డేటు ఉంటే అదే తెచ్చుకుంటుంది. తరువాత రీలాంచ్ నొక్కితేనే పని పూర్తవుతుంది. ఫోనులోనైతే ప్లేస్టోరు నుండి చేసుకోవాలి.

ఇవన్నీ చేసినా కాకపోతే విండోస్ పాతది కావచ్చు. విండోస్ 7, 8.1 లకు 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 చివరిది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆపై వెర్షను ఎక్కదు. మిషనుకు శక్తి ఉంటే కొత్త విండోస్ గాని, ఉచితంగా దొరికే లినక్స్ గాని వేయించండి. అంతవరకు టైపింగుకు వాడుకోండి, బ్యాంకు పని మాత్రం దానిమీద చేయవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఏదో పేజీ చూస్తుండగా "మీ బ్రౌజరు పాతబడింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కకండి. అప్‌డేటు కాలేదన్న బెంగలో ఉన్నవారికే ఆ ఎర సులువుగా తగులుతుంది. అలా దిగిన ఫైలు పాస్‌వర్డులు దొంగిలించవచ్చు. బాగుచేస్తామని ఫోను చేసి ఓటీపీ అడిగేవారికీ చెప్పవద్దు. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు, మీ బ్యాంకుకు ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

వేటకు పోయేవారు వలను ఒడ్డుననే చూసుకుంటారు గాని నడిసముద్రంలో కాదు. దరఖాస్తుకు చివరి రోజు వరకు ఆగక, వారం ముందే బ్రౌజరును సరిచూసుకోండి. పిల్లవాని సీటు ఒక్క తప్పు తేదీ వలన పోకూడదు గదా!