కెమెరా పోతే పోనీ, క్యాసెట్ పోకూడదు



విడపనకల్లు, ఉరవకొండ, గుంతకల్లు చుట్టుపక్కల తండాల్లో 1990లలో పెండ్లిళ్లు వీడియో తీయించుకున్న ఇండ్లు ఉన్నాయి. ఆ క్యాసెట్లు ఇంకా ట్రంకు పెట్టెల్లోనో, అటక మీదనో పడి ఉంటాయి. చూద్దామంటే మిషన్ లేదు. పాత కెమెరా ఉన్నా ఆన్ కాదు. రిపేరుకు తీసుకుపోతే 'పార్ట్స్ రావు, పారేయండి' అంటారు. చాలామంది ఆ మాట విని కెమెరాతో పాటు క్యాసెట్ ఆశ కూడా వదిలేసుకుంటున్నారు. అది పొరపాటు అని చెప్పడానికే ఈ పోస్టు.

ముందు కెమెరా ఎందుకు చస్తుందో తెలుసుకుందాం. చాలాసార్లు అసలు దొంగ కెపాసిటర్. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అంటే చిన్న అల్యూమినియం డబ్బా. లోపల రెండు రేకులు, మధ్యలో రసాయనంలో తడిపిన కాగితం, అడుగున రబ్బరు బిరడా. 1980ల చివర్లో కెమెరాలు చిన్నవి చేయడానికి బోర్డు మీదే అతికే బుడ్డ కెపాసిటర్లు వాడారు. 1989లో వచ్చిన హై8 కెమెరాల కాలం అదే. అప్పటి చాలావాటిలో ఆ రసాయనం రబ్బరును దాటి కారిపోయింది. కారినది ఊరుకోదు, బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. అందుకే బొమ్మ రాక మాట మాత్రం రావడం, వ్యూఫైండర్ నల్లగా ఉండటం, క్యాసెట్ మింగి బయటికి ఇవ్వకపోవడం. సోల్డరింగ్ కడ్డీ పెడితే చేపల వాసన వచ్చిందంటే కారినట్టే.

కెపాసిటర్ కొత్తది కొద్ది రూపాయలే. కష్టమంతా పనిలో ఉంది. ఒక కెమెరాలో పదుల సంఖ్యలో ఉంటాయి, పక్కపక్కనే ఇరుక్కుని. తొందరపడి పీకితే కింద రాగి కూడా లేచి వస్తుంది. ఒక్కటి మారిస్తే ఇంకొకటి పోతుంది. రోజంతా కూర్చునే పనికి ఎంత అడగాలో మెకానిక్‌కూ తెలియదు, ఎంత ఇవ్వాలో మనకూ తెలియదు. కాబట్టి వాళ్లను తిట్టి లాభం లేదు. పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క. ఎండాకాలం నలభై దాటే మన సీమలో, రేకుల కప్పు కింద పెట్టినదాని గతి చెప్పనక్కర్లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: కెమెరాను బతికించే పని పక్కన పెట్టి, క్యాసెట్‌ను బతికించాలి. క్యాసెట్ ఆడించడానికి అదే కెమెరా అక్కర్లేదు. పెద్ద వీహెచ్ఎస్ క్యాసెట్ అయితే ఏ వీసీఆర్ అయినా చాలు. వీసీఆర్ పవర్ సప్లైలో కెపాసిటర్లు పెద్దవి, కాళ్లున్నవి. వాటిని టీవీ మెకానిక్ మార్చగలడు, మన ఐటీఐ తమ్ముళ్లూ నేర్చుకోగలరు. చిన్న హై8 క్యాసెట్ అయితే 1999లో వచ్చిన డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్లు దాన్ని ఆడిస్తాయి. ఇంటింటికీ మిషన్ ఎందుకు? నాలుగైదు తండాలకు కలిపి బాగా పనిచేసేది ఒకటి చాలు. కానీ ఆలస్యం పనికిరాదు. వీసీఆర్ తయారీలో ప్రపంచంలోనే చివరిగా మిగిలిన జపాన్ కంపెనీ 2016లోనే ఆపేసింది. టేపులను వెంటనే డిజిటల్ చేసుకోండని 2019లో యునెస్కో ప్రపంచమంతటికీ హెచ్చరిక చేసింది.

'ఇప్పుడు ఫోన్లలో అన్నీ ఉన్నాయి కదా' అంటారు కొందరు. ఫోన్‌లో ఉన్నది ఇప్పటి డీజే. ఫేటియా, కాంచళి వేసుకున్న అవ్వలు పెండ్లికూతురిని పట్టుకుని ఏడుస్తూ పాడిన ఢావ్లో, తీజ్ బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడిన పాటలు ఫోన్‌లో లేవు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పాడినవాళ్లు పోతే పాట పోయినట్టే. 1940లలో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చెంచులు, గోండుల మధ్య తిరిగాడు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్ సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. బయటివాళ్లు మనల్ని చూసిన చూపు భద్రంగా ఉంది. మనల్ని మనమే తీయించుకున్నది మాత్రం ట్రంకు పెట్టెలో ఎండిపోతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

చేయాల్సినవి:

1. క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి. హై8 అయితే మీటను జరపండి. అప్పుడు దాని మీద ఇంకోటి రికార్డు కాదు.
2. ఎవరి పెండ్లి, ఏ తండా, ఏ సంవత్సరం, ఎవరు పాడారు అన్నది పెద్దవాళ్లను అడిగి చీటీ అతికించండి.
3. చల్లగా, దుమ్ము లేనిచోట నిలువుగా పెట్టండి.
4. పాత కెమెరాలో క్యాసెట్ ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో లాగొద్దు.
5. యూట్యూబ్‌లో పెట్టేముందు అందులో పాడిన అవ్వనో, ఆమె పిల్లలనో అడగండి. అది వాళ్ల ఏడుపు, మన వ్యూస్ కోసం కాదు.

సేవాలాల్ మహారాజ్ పుట్టిన సేవాగఢ్ మన గుత్తి దగ్గరే. ఫిబ్రవరి 15 జయంతికి ప్రతి తండా నుంచి ఒక్క క్యాసెట్ అయినా డిజిటల్ చేసి, తండా మధ్యలో తెర కట్టి, ముందు వరుసలో అవ్వలను కూర్చోబెట్టి చూపిద్దాం. మీ ఇండ్లల్లో ఏ రకం క్యాసెట్లు, ఎన్ని ఉన్నాయో కింద రాయండి. ఆ లెక్క తేలితే ఎలాంటి మిషన్ వెతకాలో తెలుస్తుంది.